నటించిన వైరం చెల్లదు

నమోదు 1. ఏప్రిల్ 4, శనివారం.

పొద్దున లేవగానే గోడలోని గాలిగొట్టం ముందు చెయ్యి పెట్టి చూశాను. చల్లగా వస్తోంది. అంటే నాకింకా అర్హత ఉంది.

ఈ చల్లకాలనీలో అందరం ముఖం కడుక్కోకముందే చేసే పని ఇదే. దర్పణం కంపెనీ తన యంత్రాలను మూసేసిన బొగ్గుబాయిల అడుగున పెట్టుకుంది. వాటిని చల్లబరిచే గాలిలో కొంత గొట్టాల్లో మా ఇళ్లకు వదులుతుంది. దర్పణంలో వీడియోలు పెట్టి సంపాదించే అర్హత ఉన్నంతకాలం ఆ గాలి వస్తుంది. అర్హత పోతే ఇరవై నాలుగు గంటల్లో ఇల్లు ఖాళీ చేసి ఎండవాడకు పోవాలి. ఎండవాడలో నిన్న మధ్యాహ్నం నలభై తొమ్మిది డిగ్రీలు. ఇంకా ఏప్రిల్ మొదటి వారమే.

నా చానల్ పేరు ఓదెలు రిపేరు. ఇవాళ పాత మిక్సీ విప్పి బుష్షు మార్చాను. రోజుకు ఒక వీడియో, ముఖం కనపడాలి, ఒకసారి చూపిన పని మళ్లీ చూపకూడదు, మూడు రోజులు వరసగా మానకూడదు. తప్పు చేస్తే స్ట్రైకు. మూడు స్ట్రైకులు పడితే ఏడాది బహిష్కరణ. మా బాయిల ఊళ్లో స్ట్రైకు అంటే ఒకప్పుడు మేము చేసేది. ఇప్పుడు మా మీద పడేది.

సాయంత్రం కొత్త నియమం వచ్చింది. ఉన్నదున్నట్టు రాసుకుంటున్నాను.

"నియమం 17. ప్రతి చానల్ ఒక పోటీదారును నమోదు చేసుకోవలెను. ఇద్దరూ ప్రతి శుక్రవారం పోటీగదిలో ఎదురెదురుగా కూర్చుని వాదించవలెను. ఆ వాదానికి వచ్చిన స్పందన మూడింతలుగా లెక్కించబడును. పోటీదారు లేని చానల్‌కు ఆదాయ అర్హత లేదు."

ఫోన్‌లో రాసిన ప్రతి ముక్కా దర్పణం చదువుతుంది. అందుకే ఈ కాగితం పుస్తకం.

నమోదు 2. ఏప్రిల్ 5.

బావ వచ్చాడు. ఆగయ్య బావ మా సారక్క మొగుడు. మూడో బాయి పంపుహౌస్‌లో నాకు షిఫ్టు ఇన్‌ఛార్జి, యూనియన్ నాయకుడు కూడా. బాయి మూతపడి ఎనిమిదేళ్లయింది. ఇప్పుడు ఆయన వంట చేసి చూపిస్తాడు. ఆగన్న వంటిల్లు. రేషన్ జొన్నలతో ఏం చేసినా జనం చూస్తారు, ఆయన మాటల కోసం.

"ఏమాయెరా, పోటీదారు దొరికిండా?" అన్నాడు గడపలోనే.

"ఎవరిని అడగాలె బావా? మొన్నటి దాక కలిసి చాయ్ తాగినోణ్ని, రేపటి సంది నాతోని కొట్లాడు అని ఎట్ల అడుగుత?"

"నన్ను అడుగు."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

"బావబామ్మర్దులం. ఇరువై ఏండ్ల సంది పెండ్లిళ్లల్ల, చావులల్ల ఒకన్నొకడు తిట్టుకుంటనే ఉన్నం. గదే కెమెరా ముంగట తిట్టుకుందాం. ఒక వారం నువ్వు గెలువు, ఒక వారం నేను గెలుస్త. ఎవనికేం పోయింది?"

సారక్క వెనక నుంచి అంది, "తిట్టుకునుడు మీకు నేర్పాలెనా? నా పెండ్లి పందిట్లనే మొదలువెట్టిండ్రు."

ముగ్గురం అంబలి తాగాం. బావ ఫోన్‌లో నా పేరు నొక్కాడు, నేను ఆయన పేరు నొక్కాను. ఎదురుగా ఎర్ర అక్షరాలతో వచ్చింది: వైరం నమోదైనది.

నమోదు 3. ఏప్రిల్ 10.

మొదటి శుక్రవారం. పోటీగది అంటే పాత బాయి కంపెనీ క్యాంటీనే. మధ్యలో ఒక బల్ల, అటొక కుర్చీ ఇటొక కుర్చీ. మనిషికి నాలుగు నిమిషాల వంతు.

బావ మొదలుపెట్టాడు. "మా బామ్మర్దిని నా పెండ్లిల సైకిల్ అడిగితే పంచర్ పడ్డ సైకిల్ ఇచ్చిండు. గాడిప్పుడు మీకు రిపేరు నేర్పుతడట."

నా వంతులో ఆయన పచ్చిపులుసు గురించి చెప్పాను. మా అక్క ఇరవై ఏళ్లుగా బతికి ఉండటమే ఒక వింత అన్నాను. బావ పెదవులు బిగబట్టి నవ్వు ఆపుకున్నాడు. బల్ల కింద నా కాలు తొక్కాడు.

ఎప్పుడూ లేనంత మంది చూశారు. చూసేవాళ్లు పెరిగితే గాలీ పెరుగుతుంది; రోజూ మధ్యాహ్నం ఆగే గొట్టం ఇవాళ ఆగలేదు. కామెంట్లలో సగం మంది బావ పక్షం, సగం మంది నా పక్షం. మనిషిని తిట్టడానికి ఇంత మంది ఖాళీగా కూర్చుని ఉన్నారని నాకు తెలియదు.

నమోదు 4. ఏప్రిల్ 18.

మంగళవారం ప్రణవి వచ్చింది. దర్పణం తరఫున మా కాలనీకి మార్గదర్శి. ఎప్పుడూ ఇస్త్రీ చీర, ఎప్పుడూ మెత్తని గొంతు. నా చేతికి, బావ చేతికి చెరొక నల్లపట్టీ కట్టింది.

"ఇది మీ నాడి, చెమట చూస్తుందండీ. ప్రేక్షకులను మోసం చేయకూడదు కదా. పదిహేడుకు ఒక చిన్న చేర్పు వచ్చింది."

చేర్పు ఇది: "నటించిన వైరం చెల్లదు. అది మోసముగా పరిగణించబడును."

నిన్న పోటీగదిలో బావ నన్ను దొంగ అన్నాడు, పనికిమాలినోడు అన్నాడు, బల్ల గుద్దాడు. ఆయన నాడి డెబ్బై. నాది అరవై ఎనిమిది. ఇద్దరికీ చెరొక స్ట్రైకు.

బయటికి వచ్చాక బావ అన్నాడు, "డెబ్బై అంటే నేను పండుకున్నప్పుడు ఉండేదిరా. నిన్ను చూస్తే నాకు నిద్రొస్తదన్నట్టు."

నమోదు 5. ఏప్రిల్ 25.

నిన్న బావ పోటీకి ముందు క్యాంటీన్ మెట్లు పదిసార్లు ఎక్కి దిగాడు. యాభై నాలుగేళ్ల మనిషి. రొప్పుతూ వచ్చి కూర్చుని, నాడి నూట పదిహేనుతో నన్ను తిట్టడం మొదలుపెట్టాడు. పట్టీ మోసపోలేదు. శ్రమ వేరు, కోపం వేరట. నేను పచ్చిమిరపకాయ నమిలి వెళ్లాను. అదీ దొరికింది.

రెండో స్ట్రైకు. ఇద్దరికీ.

ప్రణవి గుమ్మం దగ్గర ఆపింది. "మీ ఇద్దరి మధ్య నిజంగా ఏమీ లేదా ఓదెలు గారూ? ఇన్నేళ్ల చుట్టరికంలో? నేను నమ్మను. ప్రతి ఇంట్లో ఏదో ఒకటి ఉంటుంది. అది చెప్పండి చాలు."

"ఏం లేదు మేడం," అన్నాను.

అబద్ధం చెప్పాను. పట్టీకి తెలిసే ఉంటుంది.

నమోదు 6. మే 1.

మూడో స్ట్రైకు పడితే ఇద్దరం ఎండవాడకే. పోయిన ఏడాది సారక్క అక్కడ మూడు రోజులు ఉంది, బావ అర్హత ఆలస్యమై. మూడో రోజున చెమట పట్టడం ఆగిపోయి, కళ్లు తేలేసింది. మళ్లీ ఒక మే నెల ఆమె తట్టుకోలేదు. వారమంతా అదే ఆలోచించాను. ఇదంతా మా అక్క కోసమే అని నాకు నేను చెప్పుకున్నాను. ఇప్పుడు రాస్తుంటే అందులో సగమే నిజమనిపిస్తోంది.

ఇవాళ నా వంతు రాగానే అడిగాను.

"బావా, బాయి మూసెయ్యనీకి యూనియన్ ఒప్పుకున్నదని కాయితం మీద సంతకం పెట్టింది ఎవరు?"

బావ నవ్వు ముఖం అలాగే ఉండిపోయింది.

"పదిహేను వందల మందిమి గేటు కాడ కూసున్నం. నువ్వు లోపటికి పోయి సంతకం పెట్టినవు. బయటికొచ్చి, కంపెనీ మోసం జేసిందన్నవు. ఆ కాయితం నేను చూసిన బావా. ఎనిమిదేండ్ల సంది అడుగలేదు. ఎంతకు అమ్ముకున్నవు మమ్ముల?"

నా నాడి నూట ఇరవై ఆరు. నేను నటించడం లేదు. మొదటి మాట నటనగానే మొదలైంది, రెండో మాటకే కాదు. ఎనిమిదేళ్లుగా ఆయన ఇంట్లో తిన్న ప్రతి ముద్ద వెనకా ఈ ప్రశ్న ఉందని నాకే తెలియలేదు.

బావ నాడి నూట ముప్పై ఒకటి. తన వంతులో ఒక్కటే అన్నాడు. "నువ్వు అడుగుతవనుకోలేదు ఓదెలూ." ఇంకేదో అనబోయి, ఆపి, "నువ్వు గూడ" అన్నాడు.

నేను గెలిచాను. గెలిచినవాడి స్ట్రైకులు రద్దు. ఓడినవాడివి అలాగే ఉంటాయి. బల్ల కింద ఎవరి కాలూ ఎవరూ తొక్కలేదు.

నమోదు 7. మే 5.

బావ ఇంటి తలుపు మీద పేడ కొట్టారు. ఆయన గాలిగొట్టం బయట తెగ్గొట్టారు. కాలనీ వాళ్లు కాదు. ఎండవాడ నుంచి కంచె దూకి వచ్చారు, పాత బాయి మనుషులు. మా నాన్నతో కలిసి పనిచేసినవాళ్లు కూడా ఉన్నారట.

నా వీడియో కింద కామెంట్లు చదవడం మానేశాను. "వాడి కూర తిన్న నోళ్లు పుచ్చిపోవాలె." "వాని పెండ్లాన్ని ఎండల నిలవెట్టాలె." నా పక్షం వాళ్లే వీళ్లంతా.

గొట్టం బాగు చేయడానికి పనిముట్ల సంచీ తీసుకుని వెళ్లాను. సారక్క తలుపు సగం తెరిచింది. ఇంట్లోంచి వేడి కొట్టింది.

"అక్కా, జర పక్కకు జరుగు. గొట్టం అతికేస్త."

"అతుకు. వీడియో తీసుకుంట అతుకు. జనం చూస్తరు."

"నేను నీ కోసమే..."

"నా పేరు తియ్యకు తమ్మీ," అంది. గొంతు పెంచలేదు. "నాకు చల్లగాలి కావాలని నిన్ను అడిగిన్నా? మీ బావ నాలుగు దినాల సంది అన్నం ముట్టలేదు."

తలుపు వేసేసింది. గొట్టం బయటినుంచే అతికి వచ్చాను.

నమోదు 8. మే 8.

ఇవాళ బావ వంతు మొదట. నా మీద ఏం చెప్పినా గెలుస్తాడు. గెలిస్తే స్ట్రైకులు పోతాయి. నేను చెడ్డవాడినని జనం నమ్మడానికి ఒక్క మాట చాలు. తిట్టు బావా అని మనసులో అనుకుంటూ కూర్చున్నాను.

ఆయన నాలుగు నిమిషాలు మాట్లాడలేదు. చేతులు బల్ల మీద పెట్టుకుని నా వైపు చూశాడు. మధ్యలో ప్రణవి గాజుతలుపు అవతల నుంచి చెయ్యి ఊపింది, మాట్లాడమని. ఆయన చూడలేదు. ఒకసారి నోరు తెరిచాడు. మూశాడు. గడియారం సున్నాకు వచ్చింది.

వంతు వచ్చినా మాట్లాడనివాడికి స్ట్రైకు. అది ఆయనకు మూడోది.

లేచి పట్టీ విప్పి బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు.

నమోదు 9. మే 10.

ఎండవాడకు వెళ్లాను. బావ వాళ్లకు పాత బడిలో ఒక గది దొరికింది. కిటికీలకు తడి గోనెపట్టాలు కట్టారు. బావ లేడు, నీళ్ల వరసలో ఉన్నాడు. సారక్క తడిచీర నెత్తిన వేసుకుని నేల మీద కూర్చుని ఉంది. పెదవులు పగిలాయి.

"మా ఇంటికి రా అక్కా," అన్నాను. "రెండు గంటలన్న ఉండు. రెండు గంటలు ఉండనిస్తరు."

"కూసో," అంది. "నీకు ఒక మాట చెప్పాలె. ఆయన చెప్పొద్దన్నడు. ఆయన చెప్పడు. నేను ఇన్నేండ్లు ఆగిన. ఇగ ఆగ."

చెప్పింది.

తొమ్మిదేళ్ల కింద మూడో బాయి పంపుహౌస్‌లో గోడ తెగి నీళ్లు ముంచెత్తి, మాతో పనిచేసే రాజనర్సు చనిపోయాడు. అడుగున, నీళ్లు చేరే సంపు దగ్గర ఒంటరిగా ఉన్నాడు. మోటరు లోపం అని రాశారు. నిజం నాకు తెలుసు. ఆ రోజు పొద్దుటి షిఫ్టు చేసి, మనిషి లేడని రెండో షిఫ్టు కూడా చేస్తున్నాను. పైన మోటరు చూసుకోవాల్సిన నేను, సాయంత్రం ఆరింటికి బల్ల మీద తల పెట్టి నిద్రపోయాను. మెలకువ వచ్చేసరికి అంతా అయిపోయింది. బావ షిఫ్టు పుస్తకంలో నేను మేలుకునే ఉన్నానని, మోటరు తిప్పబోయినా తిరగలేదని రాశాడు. ఆ అబద్ధం కింద నేనూ సంతకం పెట్టాను. ఇంతవరకు నాకు తెలుసు.

నాకు తెలియనిది సారక్క చెప్పింది. ఏడాది తర్వాత ఆ పుస్తకం తప్పని బాయి కంపెనీ కనిపెట్టింది. బావను లోపలికి పిలిచి పుస్తకం, కాయితం పక్కపక్కన పెట్టారు. మూసివేతకు సంతకం పెట్టు, లేదా నీ బామ్మర్ది జైలుకు పోతాడు అన్నారు.

"నీ కోసం పెట్టిండు," అంది సారక్క. "నువ్వేమో ఎంతకు అమ్ముకున్నవని అడిగినవు."

బయట నీళ్ల ట్యాంకరు దగ్గర ఎవరో బావను పేరు పెట్టి బూతులు తిడుతున్నారు. ఆయన జవాబు వినపడలేదు.

నమోదు 10. మే 11.

ఇవాళ రిపేరు వీడియో చేయలేదు. కెమెరా ముందు కూర్చుని మొత్తం చెప్పాను. నేను నిద్రపోయాను. రాజనర్సన్న నా వల్ల పోయాడు. మా బావ నన్ను కాపాడటానికి సంతకం పెట్టాడు. పదిహేను వందల మంది పని పోవడానికి మొదలు నా నిద్ర. ఆయన్ను ఏమీ అనకండి, అనాలంటే నన్ను అనండి.

అర్హత పోతుందనుకున్నాను. పొద్దున్నే వెళ్లిపోవడానికి సంచీ సర్దుకున్నాను.

నమోదు 11. మే 14.

అర్హత పోలేదు. గాలి ఎప్పటికన్నా చల్లగా వస్తోంది. దుప్పటి కప్పుకోవాల్సి వచ్చింది. మే నెలలో.

ఆ వీడియోకు వచ్చినన్ని తిట్లు ఈ జిల్లాలో ఏ చానల్‌కూ రాలేదట. దర్పణానికి తిట్టూ పొగడ్తా ఒకటే. కాదు, తిట్టుకే విలువెక్కువ. నన్ను మొదటి శ్రేణిలో వేశారు. దుకాణంలో సరుకులు ఇచ్చేవాడు నా సంచీలో ఉమ్మి ఇచ్చాడు. పోలీసులు మాత్రం రాలేదు. బాయి కంపెనీ పేరే ఇప్పుడు ఏ కాగితంలోనూ లేదు, ఫిర్యాదు చేసేదెవరు?

ప్రణవి మిఠాయి డబ్బాతో వచ్చింది. "మీకు కొత్త పోటీదారును మేమే కుదిర్చాం ఓదెలు గారూ. చంద్రవ్వ గారు. రాజనర్సు గారి భార్య. ఎండవాడలో ఉంటున్నారు. ఆవిడ ఒప్పుకున్నారు."

"నేను ఒప్పుకోను."

"మీరు తప్పుకుంటే ఆవిడకు పోటీదారు ఉండరు. వచ్చిన అవకాశం పోతుంది. వరసగా మూడు శుక్రవారాలు గెలిస్తే కొత్త చానల్‌కు ఏడాది అర్హత. ఇల్లు, గాలి, అన్నీ. ఆలోచించుకోండి."

మిఠాయి డబ్బా బల్ల మీద పెట్టి వెళ్లింది. అది మురుక్కాలువలో పారేశాను.

సాయంత్రం చంద్రవ్వే వచ్చింది. తొమ్మిదేళ్లలో ఆమె ఎదురుగా నిలబడటం ఇదే మొదలు. ఎండకు నల్లబడి, సగమైంది. వెంట పొడవాటి గొడుగు. గడప లోపలికి రాలేదు.

"వదినా," అన్నాను.

"వదినా అనకు. నేను చెప్పేది ఇను. నిన్ను తిట్టనీకి నాకు హక్కున్నది. ఉన్నదా లేదా?"

"ఉన్నది."

"నా కోడలు నీళ్లోసుకున్నది, ఏడో నెల. ఆ రేకుల కింద కాన్పు అయితే ఇద్దరూ దక్కరు. నేను మూడు వారాలు నిన్ను తిడుత. ఇల్లు వస్తది. నువ్వు ఎదురు మాట్లాడకు. మాట్లాడితే జనం రెండు పక్షాలైతరు. నోరు మూసుకొని కూసో. గంతే."

మాట్లాడకపోతే నాకు మూడు వారాల్లో మూడు స్ట్రైకులు. ఆ సంగతి ఆమెకూ తెలుసు.

"కూసుంట," అన్నాను.

నమోదు 12. మే 22.

రెండు శుక్రవారాలయ్యాయి.

మొదటి వారం ఆమె నాడి నూట యాభై దాటింది. "నువ్వు పండుకున్నవు. మా ఆయన నీళ్లల్ల నానిండు. మూడు దినాలకు తీసిండ్రు. ముఖం నన్ను చూడనియ్యలేదు." రెండో వారం రాజనర్సు చెప్పులు తెచ్చి బల్ల మీద పెట్టి మాట్లాడింది. అవి గట్టు మీద విడిచి దిగినవట. నేను ఆ చెప్పుల వైపే చూస్తూ కూర్చున్నాను. నా వంతులో గడియారం సున్నా అయ్యేదాకా కదల్లేదు.

నాకు రెండు స్ట్రైకులు. ఆమెవి రెండు గెలుపులు.

ఇవాళ అయిపోయాక ఆమె మెట్ల దగ్గర ఆగింది. ప్రణవి దూరం పోయేదాకా చూసి అడిగింది.

"ఆఖరికి ఆయన ఏమన్న మాట్లాడిండా? కిందికెల్లి పైకి ఫోను ఉంటది గదా. చేసిండా?"

"నాకు తెల్వది వదినా. నేను నిద్రల ఉన్న. ఫోను ఎత్తేది బావ. ఆయనకు తెలుసు."

"ఎప్పుడన్న అడిగినవా?"

అడగలేదు. తొమ్మిదేళ్లలో ఒక్కసారి కూడా.

నమోదు 13. మే 26.

చంద్రవ్వను తీసుకుని పాత బడికి వెళ్లాను. పట్టీ మా ఇంట్లోనే విప్పి పెట్టాను.

బావ గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. నన్ను చూసి లేచి కూర్చున్నాడు. పదిహేను రోజుల్లో మనిషి ముసలివాడయ్యాడు.

"నిన్నెవడు చెప్పమన్నడురా?" అన్నాడు. ఆయన నోటివెంట అంత ద్వేషం నేనెప్పుడూ వినలేదు. "తొమ్మిదేండ్లు నా కడుపుల దాసుకున్న. పదిహేను వందల మంది తోని ద్రోహి అనిపించుకున్న. ఎందుకు? నువ్వు బాగుండాలని. నువ్వు ఒక్క పూటల సంత జేసి అమ్మినవు. నా ముఖం మీద ఉమ్మినా పడేటోణ్ని. నేను దాసిపెట్టిన దాని మీద ఉమ్మినవు."

"బావా, చంద్రవ్వ వదిన వచ్చింది."

అప్పుడు చూశాడు ఆమెను. సారక్క లేచి తన పక్కనున్న తడి గోనెపట్టా ఆమెకు వేసింది. ఆమె కూర్చోలేదు.

"ఆగన్నా, ఆయన ఫోను జేసిండా?"

బావ లేచి ఆమె ఎదురుగా నిలబడ్డాడు.

"చేసిండు," అన్నాడు.

"ఏమన్నడు?"

"ఒక మోటరు ఆగింది, నీళ్లు కొద్దికొద్దిగ పెరుగుతున్నయన్నడు. నేను ఓదెలును లేపుత అన్న. వద్దన్నడు." "'పోరడు పొద్దటి సంది రెండు షిఫ్టులు చేస్తున్నడు, పండుకోనీ. నేనే కింద తిప్పి సూస్త, కాకుంటే ఎక్కి వస్త' అన్నడు. సరే అన్న. సరే అన్న నేను. పది నిమిషాలకు గోడ తెగింది."

సారక్క బావ వైపు తిరిగి చూసింది.

"నీ కోసం సంతకం పెట్టిన అనుకుంటుంది మీ అక్క," అన్నాడు బావ నాతో. "సగం నా కోసం పెట్టిన. లేపాల్సింది నేను. లేపలే."

చంద్రవ్వ గోడకు ఆనుకుంది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"గట్లనే అంటడు," అంది. "గా మనిషి గట్లనే."

గుమ్మం దాటాక గొడుగు తెరవడం మరిచిపోయి ఎండలో నడిచింది. నేను వెనకాలే వెళ్లాను. కంచె దగ్గర ఆగి నావైపు తిరిగింది.

"ఎందుకు తీసుకొచ్చినవు నన్ను?"

"నువ్వే అడిగినవు వదినా."

"అడిగిన. ఇప్పుడు శుక్రవారం నాకు కోపం ఎట్ల వస్తది? ఆయనే పండుకోనీ అన్నడంటే నిన్ను ఏ నోటితోని తిట్టాలె? నటిస్తే చెల్లదు. నా కోడలును ఏడ వెట్టాలె?"

ఆమె చేతిలోని గొడుగు తీసి తెరిచి నెత్తిన పట్టాను.

నమోదు 14. మే 29.

గది నిండిపోయింది. గాజుతలుపు అవతల ప్రణవి, ఆమె పై అధికారులు ఇద్దరు. లక్షల మంది చూస్తున్నారని తెర మీద అంకెలు తిరుగుతున్నాయి.

చంద్రవ్వ వచ్చి కూర్చుంది. ఇవాళ చెప్పులు తేలేదు. వంతు మొదలైంది. ఒక నిమిషం ఏమీ మాట్లాడలేదు. నాడి ఎనభై రెండు. తెర మీద అందరికీ కనపడుతోంది. ప్రణవి నుదురు ముడివేసింది. నేను బల్ల అంచు పట్టుకున్నాను. నన్ను తిట్టు వదినా, ఏదో ఒకటి గుర్తు తెచ్చుకో అనుకున్నాను.

అప్పుడామె నా కళ్లలోకి చూసింది. చూసి చాలా మెల్లగా మొదలుపెట్టింది.

"లేపుమంటే నీ సొమ్మేం పోయింది?"

నాకు అర్థం కాలేదు.

"ఒక్క మాట. లేపుండ్రి అంటే అయిపోతుండె. నీకు ఊరందరి మీద జాలి. ఎవడు అలిసిపోయినా నీకు కనపడుతది. ఇంటికాడ నేను గిన్నెలు తోముకుంట నీ కోసం చూసుకుంట కూసున్న, అది కనపడలే."

తొంభై ఆరు. నూట పది.

"పెద్ద దొర లెక్క మంచితనం. ఎవడు అడిగిండు నీ మంచితనం? తొమ్మిదేండ్లు కాష్టమోలె కాలిన. కొడుకు పెండ్లి ఒక్కదాన్నే చేసిన. రేకుల కింద పడి ఉన్న. నువ్వేమో పండుకోనీ అని... నిన్ను క్షమించ. చచ్చినా క్షమించ. నా ముంగటికి ఒక్కసారి వస్తే చెంప పగలగొట్టి అడుగుత, నేను యాదికి రాలేదా నీకు అని."

నూట నలభై మూడు. అరుస్తోంది. నా ముఖంలోకి చూస్తూ అరుస్తోంది. కానీ నన్ను చూడటం లేదు. తెర కింద జనం నన్ను తిడుతున్నారు: సిగ్గులేనోడు, కూసొని వింటున్నడు చూడు. పోరణ్ని పండుకోనీ అన్న మాట ఎవరిదో వాళ్లకు తెలియదు. మేమిద్దరమే ఆ గదిలో రాజనర్సుతో ఉన్నాం.

నా వంతు వచ్చింది. నాలుగు నిమిషాలు నోరు మెదపకుండా కూర్చున్నాను. నాకు మూడో స్ట్రైకు. ఆమె తల వంచుకుని, భుజాలు ఎగిసిపడుతుంటే కొంగు నోట్లో కుక్కుకుంది.

పచ్చ అక్షరాలు పడ్డాయి: వైరం నిజమైనది. మూడో గెలుపు. ఏడాది అర్హత.

ప్రణవి చప్పట్లు కొడుతూ లోపలికి వచ్చింది. "అద్భుతం చంద్రవ్వ గారూ. ఆ కోపం, అబ్బా."

చంద్రవ్వ ఆమె వైపు చూసి, "తాళం చేతికియ్యి," అంది.

నమోదు 15. జూన్ 1.

చంద్రవ్వకు ఇచ్చింది నా ఇల్లే. ఆ పూటకు ఖాళీగా ఉన్న ఇల్లు అదొక్కటే కాబట్టి. తాళం చేతులు మారేటప్పుడు ఆమె కోడలు గుమ్మంలో పొట్ట మీద చెయ్యి వేసుకుని నిలబడి ఉంది. చల్లగాలికి కళ్లు మూసుకుంది. నేనెవరో ఆ పిల్లకు తెలుసు. పలకరించలేదు. పలకరించాలని నేనూ అనుకోలేదు. గాలిగొట్టం మూత వదులైతే ఎటు తిప్పాలో మాత్రం చంద్రవ్వకు చూపించాను. తల ఊపింది.

పాత బడిలో బావ వాళ్ల గది పక్క గదిలో చేరాను. బావ మాట్లాడటం లేదు. ఇవాళ మధ్యాహ్నం యాభై ఒకటి. నీళ్ల ట్యాంకరు రాలేదు. బడి వెనక పాడుబడ్డ చేతిపంపు ఒకటి ఉంది. దాన్ని విప్పి కూర్చున్నాను. ఒక్కడి వల్ల అయ్యే పని కాదు, లోపలి రాడ్డు పైకి లాగుతుంటే ఇంకొకరు పట్టుకోవాలి.

గంటసేపు తంటాలు పడ్డాక, ఎదుటి వైపు నుంచి రెండు చేతులు వచ్చి రాడ్డు పట్టుకున్నాయి.

"గట్టిగ పట్టుకో," అన్నాడు బావ. "మళ్ల జారవిడువకు. నీ మీద కోపం పోయిందనుకోకు."

"అనుకోను," అన్నాను.

ఇద్దరం లాగాం.